అడుగు ధర ఎలా కట్టాలి? (చిన్న సామిల్లు యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి కలప గురించి నాకంటే ఎక్కువ తెలుసు. దుంగ మీద గొడ్డలి మడమతో ఒక దెబ్బ వేసి, లోపల బోలుందో లేదో చెప్పేవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు. నాకు ఆ విద్య రాదు. నేను లెక్కల మనిషిని. చాలా ఏళ్లుగా సామిల్లుల ఖాతాలు రాస్తున్నాను కాబట్టి పిలిచారు, ఆ లెక్కలే మాట్లాడతాను.

మీ మిల్లులో అడుగు ధర, అంటే ఘనపుటడుగు కలప ధర, ఎలా కట్టారండీ అని ఎవర్ని అడిగినా ఒకటే జవాబు. పక్క కలప అడితిలో ఎంతుందో కనుక్కుని, ఓ యాభై అటో ఇటో వేశాం అంటారు. మరి ఆ పక్క అడితి ఆయన ఎలా కట్టాడు? మిమ్మల్ని చూసి. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఈ పద్ధతిలో ఊరంతా కలిసి నష్టపోవచ్చు, ఊరంతా కలిసి కొనేవాణ్ణి ముంచనూవచ్చు. రెండూ చూశాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బేరమంతా రేటు మీద జరుగుతుంది, డబ్బు మాత్రం కొలతలో పోతుంది. మీ డబ్బు పోయేదీ అక్కడే, కొనేవాడి డబ్బు పోయేదీ అక్కడే. అందుకని ముందు కొలత సంగతి చూసి, ఆ తర్వాత రేటు దగ్గరికి వెళదాం.

దుంగని మనం చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి కొలుస్తాం. చుట్టుకొలత అంగుళాల్లో, పొడవు అడుగుల్లో ఉంటే చుట్టుకొలతని చుట్టుకొలతతో గుణించి, పొడవుతో గుణించి, 2304తో భాగిస్తే ఘనపుటడుగులు, అంటే సీఎఫ్‌టీ వచ్చేస్తుంది. 48 అంగుళాల చుట్టు, 10 అడుగుల పొడవు ఉన్న దుంగ తీసుకోండి. సరిగ్గా 10 సీఎఫ్‌టీ. ఇది ఇంగ్లీషువాళ్ల హోపస్ కొలత, వాళ్లతోనే మన కలప డిపోల్లోకి వచ్చింది.

అయితే ఆ దుంగలో నిజంగా ఉన్న కలప 10 అడుగులు కాదు, 12.73 అడుగులు. ఈ సూత్రం గుండ్రటి దుంగలో 78.5 శాతాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. మిగతాది పక్కచెక్కల కింద, పొట్టు కింద పోతుందని ముందే వదిలేసిన భాగం. ఇందులో మోసమేమీ లేదు, పద్ధతే అది. కానీ చెట్టు అమ్మే రైతుకి ఈ మాట ఎవరూ చెప్పరు. వాళ్ల అబ్బాయి ఫోన్‌లో వృత్తం వైశాల్యం లెక్క కట్టి, రెండున్నర అడుగులు మింగేశారని గొడవకొస్తాడు. అబ్బాయి లెక్క తప్పు కాదు, మన పద్ధతీ తప్పు కాదు. దుంగ కొనేముందే 'మేం నాలుగో వంతు లెక్క కొలుస్తాం, రేటు దాని మీదే' అంటే సరిపోతుంది. తాడు మాత్రం పక్కన పెట్టేయండి. తాడు సాగుతుంది, ఎటువైపు సాగిందో ఎవరికి వాళ్లు చెప్పుకుంటారు. ఇనుప టేపు పెట్టండి, దుంగ నడిమధ్యలో చుట్టండి, బెరడు కలిపి కొలుస్తున్నారో తీసి కొలుస్తున్నారో పైకే అనండి.

ఇప్పుడు ఖర్చు. అంకెలు లెక్క తేలిగ్గా ఉండాలని పెట్టుకున్నవి, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. ఆ 10 అడుగుల దుంగని అడుగు 800 చొప్పున కొన్నారు. 8,000. నరికించడం, ఎత్తుడు దించుడు కూలి, ట్రాక్టరు, కలప తరలించే పర్మిట్ల ఖర్చు కలిపి 1,000. కోత ఖర్చు, అంటే బ్లేడు, కరెంటు, మిషన్ మీద మనుషుల కూలి, దుంగ అడుగుకి 100 చొప్పున ఇంకో 1,000. మొత్తం 10,000.

చాలామంది ఇక్కడ ఏం చేస్తారంటే, 10,000ని 10 అడుగులతో భాగించి, అడుగు నాకు 1,000 పడింది, 20 శాతం వేసుకుని 1,200కి అమ్ముతాను అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ మీరు అమ్మేది దుంగ కాదు కదా, చెక్క. అసలు కలపలో 55 శాతం పనికొచ్చే సైజులుగా వచ్చిందనుకుందాం, అది మామూలుగా వచ్చే రాబడే. 12.73లో 55 శాతమంటే 7 అడుగులు. ఆ 10,000ని ఏడుతో భాగించండి. అడుగు 1,430 దగ్గర పడింది. 1,200కి అమ్మి 20 శాతం లాభమనుకుంటున్న ఆయన, ప్రతి అడుగుకీ 230 రూపాయలు చేతి నుంచి పెట్టుకుంటున్నాడు. ఇందులో షెడ్డు అద్దె లేదు, వడ్డీ లేదు, ఆయన జీతం లేదు.

మరి ఇన్నాళ్లూ ఎలా బతికాడని అడుగుతారు. వంటచెరకు, పొట్టు అమ్మి కొంత. షెడ్డు తాతగారిది కాబట్టి అద్దె లెక్కలో లేక కొంత. మిగతాది కొలతలో సర్దుకున్నాడు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఆ 55 శాతం దేవుడు రాసిపెట్టింది కాదు. అంగుళం పలకలు కోస్తున్నారనుకోండి, అంటే 25 మిల్లీమీటర్లు. గుండ్రటి రంపం ఒక్కో కోతకి 5 మిల్లీమీటర్లు తింటే, ప్రతి 30లో 5, అంటే ఆరో వంతు పొట్టుగా పోతుంది. పట్టీలా తిరిగే సన్న రంపం, అంటే బ్యాండ్ సా, రెండున్నర తింటే పదకొండో వంతు పోతుంది. టేకులో ఈ తేడా ఏడాదికెంతో మీరే వేసుకోండి. పాత మిషన్ ఉన్నవాళ్లు ఆ నష్టాన్ని ధరలో వేసి కొనేవాడి మీదికి తోయడం నాకు సబబుగా అనిపించదు. కొన్నాళ్లు తోయవచ్చు, పక్క ఊళ్లో సన్న బ్లేడు మిల్లు వచ్చేదాకా. మీ రాబడి ఎంతో మీకు తెలియకపోతే, ఓ నెలపాటు ప్రతి దుంగకీ నంబరు వేసి, లోపలికి వెళ్లిన అడుగులూ బయటికి వచ్చిన అడుగులూ ఒక పుస్తకంలో రాయించండి. వేపకి ఒకటి, టేకుకి ఒకటి, తుమ్మకి ఒకటి. వంకర దుంగల రాబడి చూస్తే మళ్లీ ఆ రేటుకి కొనరు.

సరే, ఏడు అడుగులు వచ్చాయి. అవన్నీ ఒకే రకం కాదు. మూడు అడుగులు ముడులు లేని చేవ, అంటే దుంగ మధ్యలోని గట్టి కలప. రెండున్నర అడుగులు ముడులున్నవి, తెల్లచెక్క, అంటే బెరడు కిందుండే మెత్తటి కలప, కొంత తగిలినవి. ఒకటిన్నర అడుగు పొట్టి ముక్కలు, సన్నటి రీపర్లు. మార్కెట్లో మొదటి రకం 2,000, రెండోది 1,400, మూడోది 700 పలుకుతోందనుకుందాం. వరసగా 6,000, 3,500, 1,050. మొత్తం 10,550. ఖర్చు 10,000 పోను మిగిలింది 550, వంటచెరకు మీద ఇంకో 500. దీంతో మిల్లు నడవదు.

ఇక్కడ అందరూ చేసే పని మొదటి రకం రేటు పెంచడం. నేనైతే లెక్కని వెనక నుంచి మొదలుపెట్టమంటాను. అమ్మకం 10,550. అద్దె, ఆఫీసు, లైసెన్సు, వడ్డీ, మీ జీతం, లాభం అన్నిటికీ అమ్మకంలో 20 శాతం, అంటే 2,110 పక్కన పెట్టండి. మిగిలింది 8,440. వంటచెరకు 500 కలిపితే 8,940. కోత, రవాణా కింద 2,000 తీసేయండి. 6,940. దాన్ని 10 అడుగులతో భాగిస్తే 694. అంటే ఆ దుంగకి మీరివ్వగలిగింది 694, మీరిచ్చింది 800. తప్పు అమ్మకం ధరలో లేదు, వేలంపాటలో చెయ్యి ఎత్తిన దగ్గర ఉంది. డిపో వేలానికి వెళ్లేముందు ఈ వెనక లెక్క కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. పక్కవాడు పాడాడు కదా అని పాడొద్దు. వాడికి దూలాల ఆర్డరు ఉండొచ్చు, మీకు లేకపోవచ్చు.

ఈ వెనక లెక్క రైతుకి కూడా చూపించవచ్చు. ముఖ్యంగా గట్ల మీద టేకు పెంచినవాళ్లకి. పదిహేను, ఇరవై ఏళ్ల చెట్లు పెట్టుకుని పేపర్లో చూసిన డిపో టేకు రేటు అడుగుతారు. వాళ్ల ఆశని తప్పుపట్టలేం. మొక్కలు అమ్మినవాళ్లు చెట్టుకింత అని చెప్పే అమ్మారు. కానీ 24 అంగుళాల చుట్టు దుంగ అడ్డం ఏడున్నర అంగుళాల పైచిలుకు. బెరడు, తెల్లచెక్క కలిపి చుట్టూ ఒక్కో అంగుళం తీసేస్తే మిగిలే చేవ ఐదున్నర, ఐదు ముప్పావు లోపు. ఐదు బై మూడు అంగుళాల గుమ్మం చెక్క ఒక మూల నుంచి ఎదురు మూలకి 5.83 అంగుళాలు ఉంటుంది. అంటే ఆ దుంగలోంచి పూర్తి చేవతో ఒక్క గుమ్మం చెక్క కూడా రాదు. పైగా చుట్టు సగమైతే కలప నాలుగో వంతే. 10 అడుగుల పొడవుకి రెండున్నర అడుగులు. నేల మీద సుద్దతో గుండ్రం గీసి, లోపల ఐదు బై మూడు గీసి చూపించండి, రైతుకి రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. చిన్న చుట్టు దుంగకి వేరే రేటు ఎందుకో చెప్పకుండా సగం ధర చెబితే మాత్రం, మిమ్మల్ని దొంగే అనుకుంటాడు.

ఎండబెట్టడం గురించి. పచ్చి చెక్క అమ్మడం మన వ్యాపారంలో అందరికీ తెలిసి ఎవరూ మాట్లాడని విషయం. అదే 10,000 సరుకుని కోసి, మధ్యలో రీపర్లు పెట్టి పేర్చి, నీడలో ఆరు నెలలు ఉంచారు. ఏడాదికి 12 శాతం వడ్డీ లెక్కన 600. ఆరేటప్పుడు చెక్క కుంచించుకుపోతుంది, కొన్ని పగులుతాయి, కొన్ని వంకర పోతాయి. అన్నీ కలిపి అర అడుగు పోయి ఆరున్నర మిగిలిందనుకోండి. 10,600ని ఆరున్నరతో భాగిస్తే 1,630. పచ్చిది 1,430, ఎండింది 1,630. ఈ 200 తేడా న్యాయమైన తేడా. కానీ బోర్డు మీద రెండు రేట్లు రాసే మిల్లు ఎక్కడైనా ఉందా? ఎండినదాన్ని కష్టపడి పచ్చిదాని రేటుకి ఇచ్చేవాళ్లు కొందరు, పచ్చిదాన్ని ఎండినదని చెప్పి ఇచ్చేవాళ్లు ఎక్కువమంది. తేమ కొలిచే చిన్న మీటరు ఇప్పుడు అందుబాటు ధరలోనే దొరుకుతోంది. కొనేవాడి ముందే చెక్కకి గుచ్చి చూపించండి. గృహప్రవేశం అయిన నాలుగు నెలలకి తలుపు బిగుసుకుపోతే వాళ్లు వడ్రంగిని తిడతారు. వడ్రంగి వచ్చి మనల్ని తిడతాడు.

ఇక తర్వాత చెబుతానన్న సర్దుబాటు. ఐదు బై మూడు అని ఆర్డరిస్తారు. చేతికొచ్చేది చాలాచోట్ల నాలుగుముప్పావు బై రెండుముప్పావు. బిల్లు మాత్రం ఐదు బై మూడుకే. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు దర్వాజా తీసుకోండి. రెండు నిలువులు, పైకమ్మి, గడప కలిపి 21 అడుగుల పొడవు. ఐదు బై మూడు లెక్కన 2.19 సీఎఫ్‌టీ. అసలు కొలత 1.9. తేడా 0.28. అడుగు 3,000 టేకు అయితే ఒక్క దర్వాజా మీద దాదాపు 850 రూపాయలు. కొనేవాడు బేరమాడి అడుగుకి వంద తగ్గించుకున్నానని సంతోషంగా వెళతాడు, అతనికి తగ్గింది 219 రూపాయలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇది వాడుక కదా, చిత్రిక పడితే ఎలాగూ తగ్గుతుంది కదా అంటారు. చిత్రికకి తగ్గడం వడ్రంగి దగ్గర జరగాల్సిన పని. రంపం దగ్గరే తగ్గితే చిత్రిక పట్టాక నాలుగున్నరే మిగులుతుంది. నా మాట ఏమిటంటే, అసలు కొలతకే బిల్లు వేయండి, అవసరమైతే రేటు పెంచండి. 3,000 బదులు 3,400 అనండి. మొదట్లో ఇద్దరు ముగ్గురు వెనక్కి పోతారు, నిజమే. మీ చెక్కా పక్క అడితి చెక్కా పక్కన పెట్టి టేపుతో కొలిచి చూపించండి, తేడా కళ్లకే కనిపిస్తుంది.

కమీషన్ సంగతి ఎత్తితే కొంతమందికి ఇబ్బందిగా ఉంటుంది, అయినా ఎత్తుతాను. ఇల్లు కట్టుకునేవాడు మేస్త్రీనో వడ్రంగినో వెంటబెట్టుకుని వస్తాడు. లక్షన్నర సరుకు మీద ఐదు శాతం చాటుగా ఇస్తే 7,500. అది మీ లాభంలోంచి పోదు, రేటులో కలిసి ఇంటాయన నెత్తినే పడుతుంది. నేను వడ్రంగుల్ని తప్పుపట్టడం లేదు. ఆయన ఒక పూట పని మానుకుని వస్తాడు, చెక్క తిప్పి తిప్పి చూస్తాడు, ముడి ఎక్కడ రాకూడదో చెబుతాడు. అది పనే. దానికి కూలి ఉండాలి. ఆ కూలి బిల్లులో ఒక గీత కింద 'ఎంపిక కూలి' అని రాసి ఇంటాయన ముందే ఇవ్వండి. చాటుగా ఇచ్చినప్పుడు, ఎక్కువ ఇచ్చే మిల్లుకి తీసుకెళతాడు గానీ మంచి చెక్క ఉన్న మిల్లుకి తీసుకెళ్లడు.

ఇలాంటిదే సింహద్వారం ధర. ముహూర్తం పెట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని వచ్చినవాడు గుమ్మం దగ్గర బేరమాడడని మనకి తెలుసు. అదే దుంగలోంచి వచ్చిన చెక్క కిటికీకి ఒక రేటు, సింహద్వారానికి ఒక రేటు. ఏరి, ముడి లేనిది ఇస్తున్నారు కాబట్టి మొదటి రకం రేటు తీసుకోండి, తప్పులేదు. శుభకార్యం కాబట్టి తీసుకుంటానంటే దానికి లెక్క లేదు. పేరు మీద వేసే ధర కూడా అంతే. మయన్మార్, అంటే బర్మా, 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. అయినా మన దగ్గర బర్మా టేకు బోర్డులు తగ్గలేదు. చాలావరకు ఆఫ్రికా నుంచి, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన తోట టేకు అది. అయోధ్య గుడి తలుపులకి మహారాష్ట్ర టేకు వెళ్లిందని పేపర్లలో వచ్చాక ప్రతి దుంగా ఆ టేకు వచ్చిన బల్లార్షాదే అయిపోయింది. (నవ్వులు) ఘనా టేకుని ఘనా టేకని చెప్పి అమ్మండి, దాని ధర దానికి వస్తుంది.

కోత కూలి మిల్లులకి ఒక మాట. రైతు తన దుంగ తెచ్చి కోయించుకుంటాడు, మీరు దుంగ అడుగుకి ఇంతని తీసుకుంటారు. ఒకడు దూలాలు కోయించుకుంటే ఐదారు కోతలతో అయిపోతుంది. ఇంకొకడు అదే దుంగని అంగుళం పలకలు చేయిస్తే ఇరవై కోతలు పడతాయి. ఇద్దరికీ ఒకే రేటంటే దూలాలవాడు పలకలవాడి కూలి కూడా కడుతున్నట్టే. కనీసం రెండు రేట్లు పెట్టండి, మందం సైజులకి ఒకటి, రెండంగుళాల లోపు పలకలకి ఒకటి. పక్కచెక్కలు, పొట్టు ఎవరివో కూడా ముందే తేల్చండి. అడగనిదే ఇవ్వని మిల్లులు ఉన్నాయి. అవి రైతువి.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మన వ్యాపారం కిరాణా కొట్టు లాంటిది కాదు. అడవుల నరికివేత మీద వేసిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు తర్వాత, 2002 అక్టోబరులో ఇచ్చిన ఇంకో ఉత్తర్వు తర్వాత కొత్త సామిల్లు పెట్టడం చాలా కష్టమైంది. అడవుల కోసం పెట్టిన కట్టడి అది, మంచిదే. దాని వల్ల మనకొచ్చిన లాభం ఏమిటంటే, ఎదురుగా ఇంకో మిల్లు లేవడం అంత తేలిక కాదు. చుట్టుపక్కల పది ఊళ్లకి ఒకే మిల్లు ఉన్నప్పుడు, అక్కడ చెప్పిందే ధర. శ్రావణంలో గిరాకీ ఉందని పెంచి, ఆషాఢంలో ఖాళీగా ఉందని ఖర్చు పడుతోందని మళ్లీ పెంచితే అడిగేవాడు లేడు. అందుకే కరెంటు కనీస చార్జీ, జీతాలు, లైసెన్సు లాంటి కదలని ఖర్చుల్ని ఏడాది మొత్తం అడుగుల మీద పంచండి. నెల నెలా పంచితే ఖాళీ నెలలో వచ్చిన ఒక్కడి మీద అంతా పడుతుంది.

ప్రశ్నలకి టైం ఉందన్నారు, అడగండి.

(సభ నుంచి ప్రశ్న: మీరు చెప్పినట్టు లెక్క కట్టి 1,600 చెబితే, పక్కాయన 1,400కే ఇస్తున్నాడండీ. ఏం చేయమంటారు?)

ముందు ఆ 1,400 దేనికో కనుక్కోండి. పచ్చి చెక్కా ఎండిందా, బిల్లులో రాసే పేరు కొలతా చెక్క అసలు కొలతా, బిల్లు ఉందా లేదా. కలప మీద 18 శాతం జీఎస్టీ ఉంది, బిల్లు లేకుండా ఇచ్చేవాడికి అక్కడే అంత తేడా వచ్చేస్తుంది. పర్మిట్ లేని దుంగ అయితే ఇంకా తేడా, దాంతో మీరు పోటీ పడలేరు, పడకూడదు. ఇవేవీ కాకుండా నిజంగానే 1,400కి ఇస్తున్నాడంటే మాత్రం ఆయన మిషనో, ఆయన కొనే పద్ధతో మీకంటే బాగుంది. వెళ్లి టీ తాగి చూసి రండి.

(ఇంకో ప్రశ్న: రోడ్డు పక్క వేప, చింత దుంగల్లో మేకులు, ఇనుప తీగలు ఉంటాయి. బ్లేడు పోతే ఎవరు భరించాలి?)

మంచి ప్రశ్న, దీని మీదే ఎక్కువ గొడవలు అవుతాయి. చేతిలో పట్టుకుని చూసే మెటల్ డిటెక్టరు ఒకటి కొనండి. లోపల లోతుగా ఉన్నది పట్టదు, కానీ పైన ఉన్న మేకులు చాలావరకు దొరుకుతాయి. చూడకుండా కోసి మేకు తగిలితే ఆ ఖర్చు మీదే. చూశాక, దొరకనిది లోపల తగిలితే బ్లేడు పళ్లు పదును పట్టే ఖర్చు దుంగ తెచ్చినవాళ్లది. బ్లేడు పూర్తిగా తెగితే చెరిసగం. మొత్తం ఎంత దాటకూడదో కూడా రాయండి, పాపం దుంగ విలువకంటే బ్లేడు ఖరీదు ఎక్కువైతే ఆయన దుంగ ఇక్కడే వదిలేసి పోతాడు. ఇదంతా మిషన్ ఎక్కించకముందే చీటీ మీద దుంగ నంబరు వేసి, రాసి, సంతకం తీసుకోండి. చదువు రానివాళ్లకి చదివి వినిపించండి. సొంత దుంగలకైతే ఈ ఖర్చు కోత ఖర్చులోనే ఏడాది సగటున కలిపేయండి, రోడ్డు పక్క చెట్టు కొనేటప్పుడు ఆ మేరకు తగ్గించి అడగండి.